చంటిబిడ్డకు స్నానపు కుర్చీ: కొనే ముందు, వాడే ముందు



టీకాల రోజున మా దగ్గరకు వచ్చే తల్లులు ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "సిస్టర్ గారూ, బిడ్డకు నీళ్లు పోయడానికి కుర్చీ కొనమంటారా?" కొందరికి విదేశాల్లో ఉన్న ఆడపడుచులు పంపిస్తున్నారు. కొందరు పట్నంలో షాపులో చూసి వస్తున్నారు. పక్కన పెద్దవాళ్లు లేక, బిడ్డకు తానొక్కతే నీళ్లు పోసుకోవలసి వచ్చిన తల్లికి అలాంటి వస్తువు మీద ఆశ కలగడం సహజమే. కొనవద్దని నేను చెప్పను. కాని అది ఏమి చేస్తుందో, ఏమి చేయదో తెలుసుకొని కొనండి.

నిర్గమకాండము 2వ అధ్యాయం మీకందరికీ తెలిసినదే. మోషే తల్లి జమ్ముపెట్టెకు కీలు పూసి, నీరు చొరకుండా చేసి, బిడ్డను అందులో పెట్టింది. పెట్టె గట్టిదే. అయినా బిడ్డ అక్క దూరంగా నిలబడి చూస్తూనే ఉంది. స్నానపు కుర్చీ కూడా అలాంటి పెట్టెలాంటిదే. చూసే మనిషి లేకపోతే దానిని నమ్మడానికి లేదు.

కొన్నేళ్ల క్రితం ఎనిమిది నెలల బాబును ఆటోలో మా క్యాజువాలిటీకి తెచ్చారు. ఒళ్లంతా నీలంగా మారింది. తల్లి టబ్బులో బొడ్డు వరకు నీళ్లు పోసి, కుర్చీలో బాబును కూర్చోబెట్టింది. ఇంతలో గ్యాసు బండ వచ్చిందని వీధి తలుపు తీయడానికి వెళ్లింది. డబ్బులు ఇచ్చి వచ్చేంతలో బాబు కుర్చీలో కాళ్లు పెట్టే సందులోంచి కిందికి జారి, ముఖం నీళ్లలో మునిగింది. చప్పుడు లేదు, ఏడుపు లేదు. బట్టలు ఆరేయడానికి వచ్చిన నాయనమ్మ చూసి కేక వేసింది. దేవుని కృప వల్ల బాబు బ్రతికాడు. కాని ఆ తల్లి మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "కుర్చీలో కూర్చోబెట్టాను కదా సిస్టర్!"

మునిగే బిడ్డ చేతులు కొట్టుకుంటూ అరుస్తుందని మనం అనుకుంటాం. చంటిబిడ్డ విషయంలో అలా జరగదు. తల బరువు, మెడలో బలం తక్కువ. ముఖం ఒకసారి నీళ్లలో పడితే తనంతట తాను ఎత్తుకోలేదు. నోరు, ముక్కు మునగడానికి రెండు అంగుళాల నీళ్లు చాలు. నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

షాపుల్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వాలుగా, వలగుడ్డతోగాని ప్లాస్టిక్‌తోగాని చేసిన పడక. ఇది ఇంకా కూర్చోలేని పసిబిడ్డకు. రెండవది చుట్టూ కమ్మీ ఉండి, కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చునే కుర్చీ. ఇది మెడ బాగా నిలిచి, ఆసరాతో కూర్చోగలిగిన బిడ్డకు, అంటే సుమారు ఐదారు నెలలు నిండాక. నాలుగో నెలలోనే కూర్చోబెట్టి దిండ్లు సర్దే తల్లులను చూశాను, అలా చేయకండి. బిడ్డ కమ్మీ పట్టుకొని లేవడం మొదలుపెట్టిన రోజే ఆ కుర్చీని అటక మీద పెట్టేయండి. లేచే బిడ్డ బరువుకు అది ఒరిగిపోతుంది. అంటే వాడకం నాలుగైదు నెలలే. డబ్బు పెట్టేముందు ఇది కూడా ఆలోచించుకోండి.

ఈ కుర్చీలలో ఎక్కువ భాగం విదేశాల నున్నటి స్నానపు తొట్టి కోసం చేసినవి. అడుగున ఉండే రబ్బరు కప్పులు నున్నటి చోటే అంటుకుంటాయి. మన ఇళ్లలో గరుకు గచ్చు, నాపరాళ్లు, గీతల టైల్స్. వాటి మీద అవి పట్టవు. పట్టినట్టు కనిపించినా సబ్బు నీళ్లు తగలగానే ఊడతాయి. అందుకే బిడ్డను కూర్చోబెట్టక ముందు ఖాళీ కుర్చీని తడి నేల మీద పెట్టి, నాలుగు వైపుల నుండీ లాగి చూడండి. కదిలితే ఆ చోట వాడవద్దు. కప్పు పగిలినా, గట్టిపడినా అంతే. అమెరికాలో ఈ కుర్చీలు ఒరిగిపోవడం, బిడ్డలు సందులోంచి జారిపోవడం చూసి 2010లో ప్రభుత్వం తప్పనిసరి ప్రమాణాలు పెట్టింది. బంధువులు వాడి ఇచ్చిన పాత కుర్చీ అయితే ఆ సంవత్సరానికి ముందుదేమో అడగండి. కాళ్ల సందు వెడల్పుగా ఉన్నదానిని ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

మన అమ్మమ్మల పద్ధతి గురించి కూడా చెప్పాలి. పీట మీద కాళ్లు చాపుకొని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వేసుకొని, ఒక చేత్తో పట్టుకొని ఇంకో చేత్తో నీళ్లు పోస్తారు. అందులో గొప్పతనం ఏమిటంటే బిడ్డ మీద నుండి చేయి తీయడం కుదరదు, లేచి వెళ్లడం అసలే కుదరదు. ఏ కుర్చీకీ ఆ సుగుణం లేదు. అయితే కొన్ని పనులు మానాలి. ముక్కులో, చెవుల్లో నూనె వేయకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ముక్కులో నోటితో ఊదకండి. ముఖం మీద ధారగా పోయకండి. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ పట్టించడం కూడా బిడ్డ ఊపిరికి మంచిది కాదు. పెద్దవాళ్లకు కోపం వస్తుందని తెలుసు, నాకూ చాలాసార్లు చీవాట్లు పడ్డాయి.

అప్పుడే పుట్టిన బిడ్డకు 24 గంటలు గడవనిదే స్నానం వద్దు. బొడ్డు ఊడేవరకు తడిగుడ్డతో తుడిస్తే చాలు. బరువు తక్కువ బిడ్డకు ఎప్పుడు నీళ్లు పోయాలో డాక్టరుగారిని అడగండి.

ఇక నీళ్ల వేడి. ముందు చన్నీళ్లు పోసి, తరువాత వేడినీళ్లు కలపండి. మోచేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా, అంటే సుమారు 37 డిగ్రీలు ఉండాలి. పెద్దవాళ్ల అరచేతికి వేడి అంతగా తెలియదు, దానిని నమ్మకండి. బిడ్డ టబ్బులో ఉండగా వేడినీళ్లు కలపవద్దు. కాగిన నీళ్ల బకెట్టు, హీటరు రాడ్డు బిడ్డ చేయి అందే దూరంలో ఉండకూడదు.

తువ్వాలు, సబ్బు, బట్టలు అన్నీ ముందే పక్కన పెట్టుకోండి. ఫోను మోగినా, పాలు పొంగినా, పాస్టరుగారే వచ్చినా, బిడ్డను తువ్వాలులో చుట్టి చంకనెత్తుకొని వెళ్లండి. ఐదేళ్ల అక్కను "చూస్తూ ఉండమ్మా" అని కాపలా పెట్టడం ఆ చిన్నపిల్లకు కూడా అన్యాయమే. స్నానం కాగానే టబ్బు బోర్లించండి. దోగాడే బిడ్డ ఉన్న ఇంట్లో బకెట్టులో నీళ్లు నిల్వ ఉంచితే స్నానాల గదికి గడియ పెట్టండి. బిడ్డ తొంగి చూసి తలకిందులుగా పడితే పైకి రాలేదు.

పొరపాటున బిడ్డ మునిగితే, పైకి తీయండి, 108కి ఫోను చేయమని కేక వేయండి. తలకిందులుగా పట్టి ఊపవద్దు, పొట్ట నొక్కవద్దు. ఊపిరి లేకపోతే గట్టి చోట వెల్లకిలా పడుకోబెట్టి, బిడ్డ నోరు, ముక్కు రెండూ మీ నోటితో మూసి, ఛాతీ లేచేలా మెల్లగా 5 సార్లు ఊదండి. అయినా కదలిక లేకపోతే రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టి, ఛాతీ మధ్య ఎముక మీద రెండు బొటనవేళ్లతో 30 సార్లు వేగంగా నొక్కి, 2 సార్లు ఊదండి. సహాయం వచ్చేవరకు ఇలాగే చేయండి. బిడ్డ తేరుకొని ఏడ్చినా సరే, ఆసుపత్రికి తీసుకు రావలసిందే.

కుర్చీ ఇప్పటికే కొన్నవారు దానిని టీకాల రోజున వెంట తెచ్చుకోండి. పిల్లల వార్డులో ఉన్న టబ్బులో పెట్టి, మా సిస్టర్లు మీ ముందే లాగి చూసి చెబుతారు. పైన చెప్పిన ఊపిరి పోసే పద్ధతి కూడా బొమ్మ మీద చేయించి నేర్పిస్తారు. నాయనమ్మలు, అమ్మమ్మలు తప్పకుండా రావాలి.