పోటీ పరీక్షల ప్రత్యేకం: ఒంటరి పైల్ పక్కభారాన్ని ఎంత మోస్తుంది?

వంతెన పైల్‌పై భారం పైనుంచే పడదు. గాలి, భూకంపం, అలలు పక్కనుంచీ నెడతాయి. పొట్టి పైల్ వంగదు, మొత్తంగా ఒరుగుతుంది. అక్కడ ముందు ఓడేది మట్టి. పొడవాటి పైల్ మాత్రం తానే వంగి, ప్లాస్టిక్ హింజ్ ఏర్పడి విఫలమవుతుంది. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా సులువే.

బ్రోమ్స్ పద్ధతి (1964) ప్రకారం బంకమట్టిలో మీటరు పొడవుకు అంతిమ నిరోధం: 9 × షియర్ బలం × పైల్ వ్యాసం. పైన 1.5 వ్యాసాల లోతును లెక్కలోకి తీసుకోరు. ఇసుకలోనైతే రాంకిన్ పాసివ్ పీడనానికి 3 రెట్లు.

క్షేత్ర పరీక్షకు ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రమాణం. 12 మి.మీ. కదలిక తెచ్చిన భారంలో సగం, 5 మి.మీ. కదలిక తెచ్చిన భారం. వీటిలో తక్కువదే సురక్షిత భారం. ఈ రెండు అంకెలనూ తారుమారు కాకుండా గుర్తుపెట్టుకోండి.