క్షణమనగా ఎంతసేపు?

డిగ్రీ పూర్తిచేసిన కొద్ది నెలలకు నేనొక ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. బల్లకు ఆవల కూర్చున్న పెద్దమనిషి, తాము 'ది అదర్ డే' పంపిన ఉత్తరం అందినదా అని ఆంగ్లంలో అడిగారు. 'అదర్' అంటే మరొక అనీ, 'డే' అంటే రోజు అనీ చిన్న తరగతులలోనే కంఠస్థం చేసినవాణ్ణి. కనుక నాకు వచ్చినది కాక మరొకనాడు మరొక ఉత్తరం పంపి ఉంటారని ఊహించి, అందలేదండీ అని సవినయంగా మనవి చేశాను. వారు పంపిన ఉత్తరం ఆ సమయంలో నా చేతి ఫైలులో అన్నిటికంటె పైన కనబడుతూనే ఉన్నది. ఆయన దానివైపు చూశారు, నావైపు చూశారు. ఆ తరువాత అడిగిన ప్రశ్నలు కేవలం మర్యాద కోసం అడిగినవి. ఉద్యోగం రాలేదు.

వరండాలో వేచి ఉన్న నా మిత్రుడు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. సంగతి విని, "అరే భాయి, అది మన పర్సోఁ కదా!" అన్నాడు. హైదరాబాదు దక్కనీ విన్నవారికి ఈ మాటలోని సొగసు వెంటనే తెలుస్తుంది. నిఘంటువు ప్రకారం 'పర్సోఁ' అంటే మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాదీ నోట మాత్రం గడచిపోయిన ఏ రోజైనా 'పర్సోఁ' కావచ్చును. మన తెలుగు 'మొన్న' కూడ అటువంటిదే. మొన్న మీ అన్నయ్య కనబడ్డాడని చెప్పినవాణ్ణి అది మంగళవారమా బుధవారమా అని ఎవరూ నిలదీయరు. 'ది అదర్ డే' ఈ కుటుంబంలోని మాటే. ఇటీవల ఒకనాడు, ఏనాడో ఖచ్చితంగా చెప్పవలసిన అవసరం లేదు అని దాని భావం. నా ఉద్యోగం పోగొట్టిన మాటకు అర్థం మా ఇంటి భాషలోనే ఉండగా నేను దానిని ముక్కలు చేసి నిఘంటువులో వెదికాను.

మన తరగతిలో ఒక బల్లపై తెలుగు విద్యార్థి, పక్క బల్లపై ఉర్దూ విద్యార్థి కూర్చుంటారు. ఇద్దరూ ఆంగ్లంలోని చిన్న చిన్న కాలవాచకాలకు భయపడతారు. వ్యాకరణ పుస్తకం కాలాన్ని గడియారంతో కొలిచి చూపుతుంది. వాడుకలోని మాట గడియారాన్ని లెక్కచేయదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పుట్టుకను బట్టి చూస్తే ఈ మాటలు ఖచ్చితమైన లెక్కలే. గంటను విభజించగా వచ్చిన మొదటి చిన్నభాగమనే లాటిన్ మాట నుండి 'మినిట్', రెండవ చిన్నభాగమనే మాట నుండి 'సెకండ్' వచ్చాయి. 'మోమెంట్' సంగతి మరింత చిత్రమైనది. మధ్యయుగాల ఐరోపాలో అది గంటలో 40వ వంతు, అనగా ఇప్పటి లెక్కలో సుమారు 90 సెకనులు. నిమిషం కంటె పెద్దది! సెకనును శాస్త్రజ్ఞులు 1967లో సీసియం పరమాణువు కంపనాలతో నిర్వచించారు. ఆ లెక్క ప్రకారం 9,192,631,770 ఆవర్తనాలు ఒక సెకను. అయినను టెలిఫోనులో 'జస్ట్ ఎ సెకండ్' అన్నవారు మనను ఐదు నిమిషాలు నిలబెట్టగలరు. ఆ మాట కాలాన్ని చెప్పడం లేదు, దయచేసి విసుగుకొనవద్దని వేడుకొంటున్నది. ఇదే 'మినిట్' ముందు 'ఎ' తీసివేసి 'దిస్' చేర్చిచూడండి. 'కమ్ హియర్ దిస్ మినిట్' అంటే బ్రతిమాలడం పోయి ఆజ్ఞ వచ్చింది. అల్లరిచేసిన పిల్లవానిని తల్లి పిలిచే పిలుపు అది. వాదన మధ్యలో 'వెయిట్ ఎ మినిట్' అన్నవాడు వేచి ఉండమని కోరడం లేదు, నీ మాటకు నేను ఒప్పుకొనను అంటున్నాడు. మనము 'ఒక్క నిమిషం!' అని చేయి ఎత్తి అడ్డుపడమా?

కనురెప్పతో కాలాన్ని కొలవడం మానవులందరి అలవాటు కాబోలు. ఆంగ్లంలో 'ఇన్ ద ట్వింక్లింగ్ ఆఫ్ ఎన్ ఐ' అంటారు. మనకు రెప్పపాటు ఉన్నది. మనము గడియారం చూసి చెప్పే 'నిమిషం' సైతం సంస్కృతంలో రెప్పపాటే. రెప్పవేయరు గనుకనే దేవతలకు అనిమిషులని పేరు. ఉర్దూ కవితకు ప్రాణమైన 'లమ్హా' అరబ్బీలో ఒక చూపు, ఒక తళుకు. ఆంగ్లేయులు కన్నుతో తృప్తిపడక గొఱ్ఱెపిల్ల తోకను కూడ కొలమానంగా తీసుకొన్నారు. తోక రెండుసార్లు ఊపేంతలో, 'ఇన్ టూ షేక్స్ ఆఫ్ ఎ లాంబ్స్ టెయిల్', అంటే మన చిటికెలో అన్నమాట. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు తయారుచేసిన శాస్త్రజ్ఞులు ఈ పలుకుబడి నుండే 'షేక్' అనే మాటను తీసుకొని సెకనులో పది కోట్లవ వంతుకు పేరుగా పెట్టుకొన్నారు. పాపం, గొఱ్ఱెపిల్లకు ఈ సంగతి తెలియదు.

నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించినది ఈ మాటల పతనం. 'సూన్' అనే పదానికి ప్రాచీన ఆంగ్లంలో అర్థం 'తక్షణం'. షేక్స్పియర్ కాలంలో 'ప్రెజెంట్లీ' అన్నా అంతే. 'అనాన్', 'బై అండ్ బై' అనేవి కూడ ఒకప్పుడు వెంటనే అనే అర్థంలో ఉన్నవే. నేడు అవన్నీ 'కొంతసేపటికి' అనే స్థాయికి దిగజారాయి. దోషం మాటలది కాదు, వాటిని పలికి ఆలస్యం చేసిన తరతరాల మనుషులది. 'అభీ ఆయా' అన్న ఉర్దూ మిత్రుడూ, 'ఇదిగో వస్తున్నా' అన్న తెలుగు మిత్రుడూ ఇంకా చొక్కా తొడుక్కొనే ఉండరని మనకు తెలుసు. ఆంగ్లేయుడు మనకంటె సత్యసంధుడేమీ కాడు.

ఇక పరీక్షలో మార్కులు పోయే చోటు. 'ఇన్ టెన్ మినిట్స్' వస్తానంటే పది నిమిషాలు గడిచేసరికి వస్తానని. పదింటి లోపుగా అనాలంటే 'విథిన్' కావాలి. అక్కడ పది నిమిషాలు ఉంటానంటే 'ఫర్'. మనవారు రాబోయే విషయంలో కూడ 'ఆఫ్టర్ టెన్ మినిట్స్' అని వ్రాస్తుంటారు. అది జరిగిపోయిన కథ చెప్పేటప్పుడు ఎక్కువగా శోభిస్తుంది. సందేహం వచ్చినప్పుడు తెలుగులో పలికి చూసుకోండి. 'పది నిమిషాలసేపు వస్తాను' అని తెలుగుబిడ్డ ఎవడూ అనడు. ఎక్కడ 'సేపు' పలుకుతుందో అక్కడ 'ఫర్', ఎక్కడ 'లోగా' పలుకుతుందో అక్కడ 'విథిన్'. 'ఎ ఫ్యూ మినిట్స్' విషయంలో మాత్రం మన రెండు భాషలూ సహాయపడవు, ఎందుకనగా మనకు ఆ 'ఎ' లేదు. అది ఉంటే కొన్ని నిమిషాలు ఉన్నాయని ధైర్యం, లేకుంటే వ్యవధి లేనట్లేనని నిరాశ.

అమెరికాకు వెళ్ళేవారికి మరొక మాట. అక్కడ విమానం 'మోమెంటరిలీ' దిగుతుందని ప్రకటిస్తే కాసేపట్లో దిగుతుందని అర్థం. బ్రిటిష్ వాడుక చదువుకొన్నవారికి అది క్షణంసేపు నేలను తాకి మళ్ళీ ఎగురుతుందన్నట్లు వినబడి గుండె ఝల్లుమంటుంది. దరఖాస్తులో 'ప్రెజెంట్లీ' పనిచేస్తున్నానని వ్రాస్తే మన దేశంలోనూ అమెరికాలోనూ చెల్లుతుంది. ఇంగ్లండులో కొందరు పెద్దలు కనుబొమ్మలు ఎగురవేస్తారు. అక్కడ 'కరెంట్లీ' అనడం మేలు. 'జస్ట్ నౌ' వచ్చానన్నది ఎక్కడైనా మన 'ఇప్పుడే వచ్చాను'. కాని దక్షిణాఫ్రికాలో 'జస్ట్ నౌ' వస్తానన్న మిత్రుని కోసం అన్నం వడ్డించి కూర్చోవద్దు. 'నౌ నౌ' అన్నాడంటే మాత్రం విస్తరి వేయవచ్చును.