డిటెక్టివ్ కథను విప్పి చూడడం ఎలా?

డిటెక్టివ్ కథలంటే కాలక్షేపం బఠానీలని తీసిపారేసేవాళ్లు చాలామంది. కానీ కథ కట్టడంలో ఉన్న పనితనం నేర్చుకోవాలంటే ఇంతకు మించిన బడి లేదని నా గట్టి నమ్మకం. ఇందులో ప్రతి వాక్యానికీ రెండు పనులుంటాయి. మొదటిసారి చదివేటప్పుడు కథను ముందుకు నడపాలి. నిజం తెలిశాక తిరగేస్తే సాక్ష్యం చెప్పాలి. మంచి రచయిత ఆధారాలన్నీ మన కళ్ల ముందే పరుస్తాడు, అయినా మనం వాటి మీదుగా దాటిపోయేలా రాస్తాడు. అదెలా సాధ్యమైందో పట్టుకోవడానికి కొత్త పాఠకుడికి పనికొచ్చే పద్ధతి ఇది.

కావలసినవి: ఒక చిన్న కథ, ఒక పెన్సిలు, ఒక తెల్ల కాగితం, రెండు సార్లు చదివే ఓపిక.

1. చిన్న కథను ఎంచుకోండి

నవలతో మొదలుపెట్టకండి. నాలుగువందల పేజీల్లో ఏ ఆధారం ఎక్కడ పడిందో గుర్తుండదు. ఒక్కసారి కూర్చుంటే ముగిసే కథ కావాలి. నా సలహా ఆర్థర్ కానన్ డాయల్ రాసిన ‘సిల్వర్ బ్లేజ్’. 1892 డిసెంబరులో లండన్ పత్రిక ‘స్ట్రాండ్ మ్యాగజైన్’లో అచ్చయిన షెర్లాక్ హోమ్స్ కథ ఇది. డార్ట్‌మూర్ బయళ్లలోని ఒక లాయం నుంచి పందెపు గుర్రం మాయమవుతుంది. దాని ట్రైనర్ జాన్ స్ట్రేకర్ తల పగిలి, తొడ మీద కత్తిగాటుతో శవమై దొరుకుతాడు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మూడో మెట్టు నుంచి కథలోని రహస్యాలు ఒక్కొక్కటీ బయటపడిపోతాయి. మొదటి రెండు మెట్లు చూసి, కథ చదివి వచ్చాకే మిగతాది చదవండి. ఆ ఆనందం ఒక్కసారే దొరుకుతుంది, దాన్ని పాడుచేసుకోవద్దు.

2. మొదటిసారి సరదాగా చదవండి, ఒక్కచోట ఆగండి

పెన్సిలు పక్కన పెట్టేయండి. మామూలు పాఠకుడిలాగే చదువుకుంటూ పోండి. డిటెక్టివ్ హోమ్స్, అతని స్నేహితుడు వాట్సన్ డార్ట్‌మూర్ వదిలి లండన్ బయల్దేరేచోట మాత్రం ఆగండి. అప్పటికి ఆధారాలు దాదాపు అన్నీ బయటపడ్డాయి, వివరణ ఇంకా మొదలవలేదు. చంపిందెవరని మీ అనుమానమో, ఎందుకో కాగితం మీద రెండు వాక్యాల్లో రాసుకుని మిగతా కథ పూర్తిచేయండి. ఊహ తప్పితే ఇంకా మంచిది. రచయిత మిమ్మల్ని ఏ దారిన నడిపించాడో ఆ రెండు వాక్యాలే చెబుతాయి.

3. కథ ఎముకల గూడు గీయండి

రెండోసారి చదివేటప్పుడు కథను అయిదు భాగాలుగా విడదీయండి: సమస్య డిటెక్టివ్ దగ్గరికి రావడం, పోలీసుల నిర్ణయం, నేరస్థలం పరిశీలన, ఆధారాల పోగు, చివరి వివరణ.

ఈ గూటికి మూలం అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో. 1841లో వచ్చిన ‘ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్’ కథలో తెలివైన ఔత్సాహిక పరిశోధకుడు, అతని కథ చెప్పే స్నేహితుడు, తికమకపడే పోలీసులు, లోపల గడియ వేసిన గది, చివర్లో విడమరిచే వివరణ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. యాభై ఏళ్ల తర్వాత డాయల్ ఆ గూటికి రక్తమాంసాలు ఇచ్చాడు. ‘సిల్వర్ బ్లేజ్’లో పోలీసు అధికారి గ్రెగరీ తెలివితక్కువవాడు కాడని గమనించండి. అతనికి సామర్థ్యం ఉంది, లేనిది ఊహాశక్తి అని హోమ్సే అంటాడు. ఒక మూస పాత్రను రచయిత ఎలా మెరుగుపరిచాడో ఇలాంటిచోట తెలుస్తుంది.

4. కథ ఎవరు చెబుతున్నారో చూడండి

కథకుడు వాట్సన్. హోమ్స్ చూసినవి దాదాపు అన్నీ చూస్తాడు, వాటి అర్థం మాత్రం ఆలస్యంగా తెలుసుకుంటాడు. హోమ్స్ ఏదైనా చేసి కారణం చెప్పని చోటల్లా పెన్సిలుతో గీత గీయండి. ఉదాహరణకు, హోమ్స్ ఉన్నట్టుండి స్ట్రేకర్ భార్యను, కొంతకాలం కిందట ప్లిమత్‌లో ఒక విందులో మిమ్మల్ని చూశాను, నిప్పుకోడి ఈకలు కుట్టిన పట్టు దుస్తులు వేసుకున్నారు కదా అని అడుగుతాడు. ఆమె నా దగ్గర అలాంటివే లేవంటుంది. హోమ్స్ పొరపాటైందని క్షమాపణ చెప్పి కదిలిపోతాడు. వాట్సన్ దీన్ని ఉన్నదున్నట్టు రాస్తాడు, మనమూ ఏదో మర్యాద మాటల్లే అనుకుని వదిలేస్తాం. హోమ్సే కథ చెబితే ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో దాచడానికి నానా తంటాలు పడాల్సి వచ్చేది. 1926లో డాయల్ రెండు కథల్ని హోమ్స్ నోటితోనే చెప్పించాడు. అవి చదివితే వాట్సన్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

5. ఆధారాల పట్టిక వేయండి

అసలు పని ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. కాగితం మీద మూడు గడులు గీయండి: ఆధారం ఏమిటి, దాన్ని ఎలా మరుగుపరిచాడు, దాని అసలు అర్థం ఏమిటి. ఈ కథలో మరుగుపరిచే పద్ధతులు ప్రధానంగా మూడు.

*జాబితాలో కలిపేయడం.* స్ట్రేకర్ దగ్గర దొరికినవి వరసగా చెబుతారు: అగ్గిపెట్టె, కొవ్వొత్తి ముక్క, పైపు, పొగాకు సంచి, వెండి గడియారం, అయిదు బంగారు నాణేలు, పెన్సిలు పెట్టె, కొన్ని కాగితాలు, సన్నటి కత్తి. ఇలాంటి వరసను మన కళ్లు గబగబా దాటేస్తాయి. వాట్సన్ డాక్టరు కాబట్టి ఆ కత్తి కంటి శుక్లాల ఆపరేషన్‌కు వాడేదని గుర్తుపడతాడు. కాగితాల్లో డెర్బీషైర్ అనే వ్యక్తి పేరున ఒక ఆడవాళ్ల దుస్తుల బిల్లు ఉంటుంది, అందులో ఒక్క జతకే ఇరవైరెండు గినీలు. ఇందాకటి పట్టు దుస్తుల ప్రశ్న ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ డెర్బీషైర్ స్ట్రేకరే. భార్యకు తెలియకుండా మరో సంసారం, దాని ఖర్చుకు అప్పులు.

*మామూలు విషయంగా చెప్పడం.* ఆ రాత్రి లాయం కాపలా కుర్రాడికి పనమ్మాయి భోజనం తెస్తుంది: మసాలా వేసిన మటన్ కూర. అందులో నల్లమందు కలిసిందని తర్వాత తేలుతుంది. మన ఇళ్లలో వంట తెలిసినవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగితే చాలు. నల్లమందు పొడికి రుచి ఉంది, చప్పిడి కూరలో ఇట్టే తెలిసిపోతుంది. ఘాటైన మసాలా దాన్ని కప్పేస్తుంది. మరి ఆ రాత్రి ఆ ఇంట్లో మసాలా కూర వండుతారని బయటివాడికి ఎలా తెలుస్తుంది? వంట నిర్ణయించగలిగినవాళ్లు ఇంట్లోవాళ్లే. పైగా ఇంట్లో అదే కూర తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. అంటే మందు కలిసింది కుర్రాడి పళ్లెంలోనే. ఒక్క కూరతో అనుమానం బయటి నుంచి ఇంటి లోపలికి మళ్లింది.

*జరగనిదాన్ని ఆధారం చేయడం.* రాత్రివేళ ఎవరో లాయంలోకి వచ్చి గుర్రాన్ని తోలుకుపోయారు. లోపల కుక్క ఉంది. అటక మీద పడుకున్న ఇద్దరు కుర్రాళ్లకు మెలకువ రాలేదు, అంటే కుక్క మొరగలేదు. వచ్చినవాడు దానికి బాగా తెలిసినవాడు. జరిగినదాన్ని వెతికే పాఠకుడికి జరగనిది కనిపించదు. డిటెక్టివ్ సాహిత్యంలో అన్నిటికన్నా పేరుపడ్డ ఆధారం ఇదేనంటే అతిశయోక్తి కాదు.

గొర్రెలను కూడా పట్టికలో చేర్చడం మరవకండి. ఈ మధ్య మూడు గొర్రెలు కుంటుతున్నాయని ఒక కుర్రాడు చెబుతాడు. సన్నటి కత్తి పక్కన ఈ గొర్రెలను రాసి చూడండి. గుర్రం కాలి స్నాయువు మీద పైకి కనిపించని గాటు పెట్టి, పందెంలో ఓడించి, సొమ్ము చేసుకోవాలనుకున్న స్ట్రేకర్ ముందు గొర్రెల మీద చెయ్యి సాధన చేశాడు.

6. తప్పుదారిని కూడా గౌరవంగా చూడండి

పోలీసులు అరెస్టు చేసింది ఫిట్జ్‌రాయ్ సింప్సన్ అనే పందెగాడిని. సాయంత్రం లాయం దగ్గర తచ్చాడాడు. సీసం దిగ్గొట్టిన బరువైన చేతికర్ర ఉంది. అతని మెడగుడ్డ శవం చేతిలో దొరికింది. ఇవన్నీ నిజాలే, రచయిత అబద్ధం ఆడలేదు. మెడగుడ్డ అతనిదే, పారిపోతూ పడేసుకున్నాడు. స్ట్రేకర్ దాన్ని దేనికైనా పనికొస్తుందని తీసుకున్నాడు. మంచి తప్పుదారికి గుర్తు ఇదే: దానికి వాడిన ప్రతి వస్తువుకూ అసలు కథలోనూ చోటుండాలి. చివర్లో దేనికీ అతకని ఆధారాలు మిగిలిపోతే రచయిత మోసం చేసినట్టే లెక్క.

7. న్యాయం జరిగిందా అని పరీక్షించండి

1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత ఈ ప్రక్రియకు పది నియమాలు రాశాడు. ఆ వెంటనే 1930లో లండన్‌లో కొందరు డిటెక్టివ్ రచయితలు డిటెక్షన్ క్లబ్‌గా ఏర్పడ్డారు. ఆ నియమాల సారాంశం ఒక్కటే: డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ దొరకాలి. డాయల్ ఈ నియమాలకన్నా ముందువాడు, అయినా ‘సిల్వర్ బ్లేజ్’ ఈ పరీక్షలో దర్జాగా నెగ్గుతుంది. స్ట్రేకర్‌ను చంపింది గుర్రమే. చీకట్లో వెలిగిన అగ్గిపుల్లకు బెదిరి తన్నింది. సగం కాలిన ఆ అగ్గిపుల్లను హోమ్స్ బురదలోంచి తీసినప్పుడు మనమూ అక్కడే ఉన్నాం.

న్యాయం వేరు, నమ్మదగినది కావడం వేరు. ‘సిల్వర్ బ్లేజ్’ వచ్చిన ఏడాదే అచ్చయిన మరో హోమ్స్ కథ ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’లో పాము పాలు తాగుతుంది, ఈల వింటే తాడు పట్టుకుని వెనక్కి పాకుతుంది. పాముల సంగతి తెలిసినవాళ్లు ఒప్పుకోరు. అయినా పాలగిన్నె, తాడు, ఈల అన్నీ డాయల్ ముందే చూపించాడు కాబట్టి ఆట న్యాయంగానే ఆడాడు. మీ కాగితం మీద ఈ రెండు ప్రశ్నలకూ వేరువేరుగా జవాబు రాయండి.

8. మరో కథ మీద ప్రయోగించండి

తర్వాత ‘ది రెడ్ హెడెడ్ లీగ్’ తీసుకోండి, 1891 నాటిది. హోమ్స్ నేలనూ మనుషుల దుస్తులనూ చూసే చోట్ల గీతలు గీయండి. ఆపైన జి. కె. చెస్టర్‌టన్ రాసిన ఫాదర్ బ్రౌన్ కథ ‘ది ఇన్‌విజిబుల్ మ్యాన్’ చదవండి. కళ్లెదుట ఉన్నదాన్ని మరుగుపరిచే నేర్పు అందులో పరాకాష్ఠకు చేరింది.

ఆ చేత్తోనే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవల ఒకటి అందుకోండి. యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజు ఉంటాడు. వాట్సన్ చేసే పనుల్లో రాజు ఏవి చేస్తాడు, ఏవి చేయడు? నవల నిడివిలో ఆధారాల మధ్య దూరం పెరిగితే ఉత్కంఠ ఎలా నిలబడింది? అదే మూడు గడుల పట్టికలో నింపండి.

రెండు మూడు కథలకు ఇలా చేశాక మీరు చదివే తీరే మారుతుంది. ఒక వాక్యం దగ్గర ఆగి, ఇది ఇక్కడ ఎందుకుందని అడగడం అలవాటవుతుంది. ఈ ప్రశ్నను డిటెక్టివ్ కథలకే పరిమితం చేయకండి. ఏ మంచి కథనైనా అడగండి, జవాబు దొరుకుతుంది.