సముద్రపు నాచుతో ధరించే వస్తువులు: మన మగ్గాలకు ఒక ప్రణాళిక

సముద్రపు నాచు నుండి పోగు తీస్తున్నారనీ, దానితో వస్త్రాలు, నగలు, ఒంటికి అంటించుకొనే పట్టీలు తయారగుచున్నవనీ ఇటీవల తరచు వినవస్తున్నది. డిజైను చదువుకొనే పిల్లవాడో పిల్లో సెలవులకు ఇంటికి వచ్చి, “నాన్నా, మన మగ్గం మీద దీనిని నేయరాదా?” అని అడిగితే పెద్దలు ఏమి చెప్పవలెను? నవ్వి ఊరుకోవడం తప్పు. వెంటనే పడుగు మార్చి కూర్చోవడం అంతకంటె తప్పు. ఒక నెల మగ్గం ఆగితే ఒక నెల తిండి ఆగుతుందని మనకు వేరే చెప్పనక్కరలేదు. కనుక కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలలోని మన కుటుంబాలు తక్కువ ఖర్చుతో, మగ్గం ఆపకుండా ఈ పని ఎట్లు పరీక్షించవచ్చునో ఈ పాఠంలో వివరిస్తున్నాము.

మా అభిప్రాయం ముందే చెప్పుచున్నాము. నాచును మొదట గంజికుండలో చూడవలెను, తరువాత పలకగా పోసి చూడవలెను, పోగుగా చివరకు చూడవలెను. చాలమంది ఈ వరుసను తలకిందులు చేసి, పోగుతో మొదలుపెట్టి, విసిగి మానుకొంటారు.

తమిళులు కడల్‌పాసి అనే ఈ నాచులో మనకు పనికివచ్చే జిగురులు మూడు. సర్గాసం, టర్బినేరియా అనే గోధుమరంగు నాచుల నుండి ఆల్జినేటు వస్తుంది. జెలిడియెల్లా, గ్రాసిలేరియా అనే ఎర్రనాచుల నుండి అగారు వస్తుంది. కప్పాఫైకస్ అనే మరొక ఎర్రనాచు నుండి కారజీనను వస్తుంది. వీటిలో పోగుగా సాగే గుణం ఆల్జినేటుకే ఎక్కువ. మన్నారు సింధుశాఖ తీరమున, మండపం, పాంబన్ ప్రాంతాలలో కప్పాఫైకస్ తప్ప మిగతా నాచులు సహజంగా పెరుగుతవి. కోవిల్‌పట్టి నుండి తూత్తుకుడి తీరం సుమారు 60 కిలోమీటర్లే. అయినా మనం పచ్చినాచు తెచ్చి ఇంట్లో ఉడికించనక్కరలేదు. మదురై ప్రాంతంలో అగారు, ఆల్జినేటు తీసే చిన్న కర్మాగారాలు వున్నవి. పొడి రూపంలోనే సరుకు దొరుకుతుంది.

ఇది నిన్నటి విద్య కాదు. ఆల్జినేటును మొదట వేరుచేసి చూపినవాడు స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిషు రసాయనజ్ఞుడు, 1881లో. దాని నుండి కృత్రిమపు పట్టు తీసే పద్ధతిని లీడ్స్ విశ్వవిద్యాలయంలో స్పీక్‌మన్, చేంబర్లెన్ అనువారు 1944లో ప్రకటించారు. మన దేశంలో మండపం పరిశోధకులు ఈ సంపదను లెక్కవేశారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970లో ప్రచురించిన ‘భారతదేశపు ఆర్థిక నాచులు’ అనే పుస్తకం ఎం. ఉమామహేశ్వరరావుగారు రాసినది, పేరు చూస్తేనే మనవారనిపిస్తుంది. న్యూయార్కులో ఫ్యాషన్ విద్యాలయపు విద్యార్థులు 2016లో ఒక పోటీకి చేసిన నాచుపోగు తరువాత కంపెనీగా మారి, 2022 నుండి కీల్ ల్యాబ్స్ పేరుతో నడుచుచున్నది. విద్యార్థుల ప్రయత్నమని తీసిపారవేయరాదని చెప్పడానికే ఇది పేర్కొన్నాము.

ఇక గంజికుండ. అద్దకపు పనివారికి సోడియం ఆల్జినేటు కొత్త సరుకు కాదు. 1956లో రియాక్టివు రంగులు బజారుకు వచ్చిన తరువాత పిండి జిగురు ఆ రంగులకు పనికిరాలేదు. ఎందుకనగా ఆ రంగులు నూలును పట్టుకొన్నట్లే పిండిని కూడ పట్టుకొంటవి. రంగు వృథా, బట్ట గరుకు. ఆల్జినేటును మాత్రం అవి దాదాపు ముట్టవు. అందుచేత ఆ అద్దకానికి ఇదే జిగురు వాడుతున్నారు. అనగా నాచు మన వృత్తిలోనికి వెనుక గుమ్మం నుండి ఎప్పుడో ప్రవేశించినది. తెలిసిన చోట మొదలుపెడితే చెయ్యి అలవాటుపడుతుంది. ఒక లీటరు నీటికి 30 గ్రాముల పొడి, కొద్దికొద్దిగా చల్లుతూ, గిలకొడుతూ కలిపి ఒక రాత్రి నాననివ్వవలెను. ఒక్కసారి పోస్తే ఉండలు కడతవి. ఆ ఉండలు తరువాత ఎంత కలిపినా విడవవు.

ఇక్కడ నీటి సంగతి చెప్పవలెను. నల్లరేగడి ప్రాంతపు బావులలో పలుచోట్ల నీరు చవుడుగా, కఠినంగా వుంటుంది. సబ్బు నురగ రాదు. ఆ కఠినత్వానికి ముఖ్య కారణం కాల్షియము. ఆల్జినేటు కాల్షియమును చూచిన వెంటనే గడ్డకట్టే స్వభావం కలది. అందుచేత బావినీటితో కలిపిన జిగురు పలుకులు పలుకులుగా విరిగిపోయి, తప్పు పొడిదని అనిపిస్తుంది, తప్పు నీటిది. వాననీరు పట్టి దాచుకొని దానితో కలపండి. పుస్తకాలలో కొలతలు చక్కగా రాస్తారుగాని నీటి మాట రాయరు. విరుదునగర్ నీటితో పని చేసేవారికి అదే ముఖ్యమైన మాట.

రెండవ మెట్టు పలక. పైన చెప్పిన జిగురులో, పొడి ఎత్తుకు సమంగా గ్లిసరిన్ కలిపి, గాజుపలక మీద పలుచగా పోసి, పైన కాల్షియం క్లోరైడు నీళ్లు (లీటరుకు 50 గ్రాములు) చల్లితే పొర గట్టిపడుతుంది. కడిగి, అంచులు బిగించి నీడన ఆరబెట్టవలెను. గ్లిసరిన్ తక్కువైతే అప్పడమువలె విరుగుతుంది, ఎక్కువైతే చేతికి జిడ్డు అంటుతుంది. కోవిల్‌పట్టి పల్లీపట్టి చేసేవారు పాకం చూచినట్లు ఇది చూచి చూచి తెలుసుకొనవలసినదే. ఈ పలకను కత్తిరించి గుండీలు, చెవికమ్మలు, చేతిసంచి మీది బుటాలు చేయవచ్చును. నూలుబట్ట మీదనే పోసి ఆరబెడితే బట్ట వెన్నెముకగా నిలుస్తుంది; ఉత్త పలకకంటె ఇది చాల మేలు. మన బట్టకు ఇందులో స్థానం వున్నది గనుక డిజైను పనికి ఈ మెట్టే ఎక్కువ ఫలమిస్తుందని మా నమ్మకం.

మూడవది పోగు. సూది తీసిన మందు సిరంజిలో జిగురు నింపి, కాల్షియం క్లోరైడు తొట్టిలోనికి మెల్లగా నెడితే దారము వలె వస్తుంది. కొద్ది నిమిషాలుంచి, కడిగి, చట్రానికి లాగి కట్టి ఆరబెడతారు. చూచుటకు సంతోషంగా వుంటుంది. అయితే దీనిని పడుగుకు వాడవలెనని ఎవరైనా అంటే ఒప్పుకొనకండి. తడిస్తే దీని బలం బాగా తగ్గుతుంది. పన్నె రాపిడికి, విళ్ల లాగుడుకు నిలువదు. పడుగు పత్తిదే కావలెను. కోవిల్‌పట్టిలో 1901లో స్థాపించిన వ్యవసాయ పరిశోధన కేంద్రం అభివృద్ధి చేసిన కరుంగన్ని రకాల దేశవాళీ పత్తి పొట్టిపింజది. దాని ముతక నూలు దొరికితే ఈ పనికి బాగుంటుంది. కరిసల్ నేల పత్తి, తూత్తుకుడి వైపు నాచు అని చెప్పుకొనుటకు కూడ బాగుంటుంది.

పేక లెక్క ముందే వేసుకొనండి. నమూనా 6 అంగుళాల పన్నా, 9 అంగుళాల పొడవు అనుకొందాము. చేతితో తీసిన నాచుపోగు లావు గనుక అంగుళానికి 20 పేకపోగులే పట్టును. మొత్తం 180 పేకలు. ఒక్కొక్కటి 6 అంగుళాలు. అనగా 1080 అంగుళాలు, 30 గజాలు. సిరంజితో 30 గజాలు తీయడానికి ఎంత పొద్దు పోవునో మీరే ఊహించగలరు. పది పేకలకు ఒకటి మాత్రమే నాచుపోగు, మిగతా పత్తి అయితే 3 గజాలతో సరిపోతుంది. మొదటి నమూనాలు ఇట్లే నేయండి. పాతమగ్గం పడుగు చివర మిగిలిన తుండు చాలును. దీనికై కొత్త పడుగు సాగదీయనక్కరలేదు.

ఈ పోగులో ఒక విచిత్రమున్నది. బట్టల సోడా కలిపిన గోరువెచ్చని నీటిలో ఇది కరిగిపోతుంది. ఉతికి కట్టుకొనే చీరకు ఇది లోపం. డిజైనుకు ఇదే గుణం. బ్రిటనులో మేజోళ్ల మిల్లులు ఒక జోడుకు మరొక జోడుకు మధ్య ఈ పోగు అల్లి, కడిగినపుడు అది కరిగి జోళ్లు విడిపోయేటట్లు చేసేవారు. మనము పమిట అంచులో నాలుగు వేళ్ల మేర నాచుపేక వేసి, నేసిన తరువాత కరిగించితే ఉత్త పడుగు పోగుల కిటికీ మిగులుతుంది. దానిని కుచ్చులవలె ముడివేయవచ్చును. ముడివేయక వదిలితే పక్క పేకలు జారిపోవును, జాగ్రత్త.

ధరించే వస్తువులలో ఆల్జినేటు నిజంగా నిలదొక్కుకొన్నది గాయాల కట్టులో. గాయపు చెమ్మలోని సోడియం కట్టులోని కాల్షియంతో మారకం కాగా పోగు మెత్తని జిగురై గాయాన్ని తడిగా కాపాడుతుంది. విరుదునగర్ జిల్లాలో రాజపాళయం దగ్గరి ఛత్రపట్టి కట్టుగుడ్డ నేతకు ప్రసిద్ధి గనుక ఈ మాట వినగానే అందరికీ ఆశ పుడుతుంది. కాని కట్టుగుడ్డను నేసిన తరువాత క్షారంలో ఉడికించి తెలుపు చేస్తారు. ఆ తొట్టిలో నాచుపోగు మిగలదు. ముందే తెలుపు చేసిన నూలుతో నేయవలెను. అంతేకాక గాయానికి కట్టే వస్తువు 2017 నాటి వైద్య పరికరాల నియమాల క్రిందికి వస్తుంది; శుద్ధి, పరీక్ష, అనుమతి లేక అమ్మరాదు. నమూనా వరకు చేయండి, అమ్మకం మాట ఇప్పుడు వద్దు.

కాలమును కూడ ప్రణాళికలో చేర్చవలెను. మన వైపు ఎండ గాలికి పలకలు వంకరపోతవి; అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య వానలలో చెమ్మ పీల్చి సాగుతవి. ఎండలో బాగున్న నమూనాను చూచి మురిసిపోయి ఆర్డరు ఒప్పుకొనరాదు. ప్రతి నమూనాను రెండు ముక్కలు చేసి, ఒకటి వేసవిలో, ఒకటి వానలలో గోడకు తగిలించి చూడండి. ప్రతిదానిని తూచి, ఉత్తనీటిలో, సబ్బునీటిలో, సోడానీటిలో వేరువేరుగా తడిపి, ఆరిన తరువాత మళ్లీ తూచి పుస్తకంలో రాసిపెట్టండి. ఇంట్లో లెక్క బాగా రాసేవారికి, చాలచోట్ల అది ఆడపిల్ల, ఈ పుస్తకం అప్పగించండి. పట్టిన గంటలు కూడ రాయవలెను. ఇంటివారి శ్రమకు కూలి కట్టకుండా వేసిన ధర ధర కాదు.

నాచు ఎక్కడ నుండి వచ్చినదో కూడ అడగవలెను. రామనాథపురం తీరపు గ్రామాలలో స్త్రీలు వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకొని, నీటిలో మునిగి రాళ్ల నుండి నాచు కోస్తారు. పాంబన్ దీవిలోని చిన్నపాళెం వాసి లక్ష్మీమూర్తిగారు ఈ స్త్రీల నాయకురాలిగా 2015లో సీకాలజీ బహుమతి పొందారు. 21 దీవుల చుట్టూ 1986లో ఏర్పడిన సముద్ర జాతీయోద్యానంలో కోతకు ఆంక్షలున్నవి. కప్పాఫైకస్ విదేశీ నాచు. కురుసడై దీవి వద్ద అది పగడపు రాళ్లను కప్పివేసినట్లు 2008లో పరిశోధకులు తెలిపారు. రామనాథపురం జిల్లా వలమావూరులో 2023లో నాచు పార్కుకు శంకుస్థాపన జరిగినది. సరుకు ఎక్కువైతే ధర తగ్గవచ్చును, అప్పుడు కోసినవారి కూలి కూడ తగ్గకుండునా అనేది చూడవలసిన సంగతి.

చీటీ రాయునపుడు పదార్థాల పాళ్లు రాయండి. బజారులో నాచుబట్ట అని అమ్మే కొన్నిటిలో ఎక్కువ భాగం కలపగుజ్జు పోగే, నాచు కొద్దిపాలు. మన చీటీ మీద “పత్తి ఇంత, నాచు ఇంత, సోడాతో ఉతకరాదు, నీడన ఆరవేయవలెను” అని తెలుగులోను, తమిళంలోను వుండవలెను. నమూనాలు నేసినవారు ఆ తూకాల పుస్తకంతోసహా సంఘానికి పంపితే వచ్చే సంచికలలో వాటిని సరిపోల్చి ప్రచురిస్తాము.