బొర్రా రాయిలో నీళ్లున్నాయా? మన్యం విద్యార్థులకు జియాలజీ దారి

బొర్రా గుహల్లో టార్చిలైటు వేసి పర్యాటకులకు శివలింగాన్ని చూపించే కుర్రాళ్లలో చాలామంది అనంతగిరి మండలం గూడేల వాళ్లే. ఏ స్తంభం మీద నీటిచుక్క ఇంకా పడుతోందో, ఏది ఎండిపోయిందో, పెద్ద వాన కురిశాక ఏ మూల తడుస్తుందో వాళ్లు చూస్తూనే ఉంటారు. ఆ చూపుకు ఒక డిగ్రీ ఉంది. దాని తర్వాత పీజీ ఉంది, ఆపైన కేంద్ర ప్రభుత్వ గ్రూప్-ఎ ఉద్యోగమూ ఉంది. ఇంటర్ తర్వాత ఏం చదవమంటారని ఏజెన్సీ పిల్లలు అడిగితే నేను జియాలజీ పేరే ముందు చెబుతాను. పట్నం పిల్లలు బస్సెక్కి వచ్చి రెండు రోజులు చూసి వెళ్లే రాయి వీళ్ల ఊరి పొలిమేరలోనే ఉంది. ఇంత అనుకూలత మరే సబ్జెక్టులోనూ వీళ్లకు దొరకదు.

ముందు ఆ రాయి సంగతి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించేవి ఖోండలైట్, చార్నొకైట్ శిలలు. వాటి నడుమ అక్కడక్కడా సున్నపురాయి పొరలున్నాయి. భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి అవి స్ఫటికాల రాయిగా మారాయి. వాననీరు మట్టిలో ఇంకుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలుచని ఆమ్లమవుతుంది. అది పగుళ్ల వెంట దిగుతూ సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ కప్పుకు చేరి చుక్కగా వేలాడినప్పుడు ఆ వాయువు గాలిలోకి పోతుంది. నీరు మోసుకొచ్చిన కాల్షియం కార్బొనేట్ అక్కడే మిగిలిపోతుంది. పైనుంచి వేలాడేవి, కింద నుంచి లేచేవి, రెండూ కలిసి స్తంభాలైనవి అన్నీ అలా పుట్టినవే. వాటిలో ప్రధాన ఖనిజం కాల్సైట్. బొర్రా గుహల నిక్షేపాలు ఏర్పడడంలో సూక్ష్మజీవుల పాత్ర ఉందనడానికి ఆధారాలు చూపుతూ 2007లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం కూడా వచ్చింది.

నీటిలోంచి పుట్టినా శుద్ధ కాల్సైట్ స్ఫటికంలో నీరుండదు. అయితే కార్బొనేట్ ఖనిజాలన్నీ ఇలాంటివే కావు. నీటి అణువుల్ని తమ స్ఫటిక నిర్మాణంలోనే ఇముడ్చుకున్నవి కొన్ని ఉన్నాయి. వాటిని జల కార్బొనేట్లు అనుకోండి. మోనోహైడ్రోకాల్సైట్‌లో ఒక కాల్షియం కార్బొనేట్‌కు ఒక నీటి అణువు తోడుంటుంది. లెక్క కడితే బరువులో సుమారు 15 శాతం నీరే. ఇది కిర్గిజిస్తాన్‌లోని ఇస్సిక్ కుల్ సరస్సులోనూ, కొన్ని గుహల్లోనూ దొరికింది. ఇకైట్ అనే మరో ఖనిజంలో ఆరు నీటి అణువులుంటాయి. అంటే సగానికి పైగా నీరే. గ్రీన్‌లాండ్‌లోని ఇక్కా సముద్రపాయలో 1963లో దీన్ని గుర్తించారు. గడ్డకట్టే చలికి దగ్గరగా ఉన్నచోటే నిలుస్తుంది, పైకి తీసి కాస్త వెచ్చబెడితే కాల్సైట్ పొడిగా, నీళ్లుగా విడిపోతుంది. మన వాతావరణంలో దాన్ని వెతకడం దండగ. మెగ్నీషియం ఎక్కువున్న గుహల్లో కనిపించేది హైడ్రోమాగ్నసైట్. కాల్సైట్ పేరుకుంటున్నకొద్దీ నీటిలో కాల్షియం తగ్గి మెగ్నీషియం వాటా పెరుగుతుంది. ఆ దశలో ఇలాంటి ఖనిజాలు తెల్లగా, పేస్టులా గోడలకు అంటుకుంటాయి. వీటిలో చాలావరకు నిలకడ లేనివి. పరిస్థితులు మారితే నీటిని వదిలి వేరే ఖనిజంగా మారిపోతాయి.

ఈ తేడాలు పట్టుకోవడానికి మొదటి సంవత్సరం ల్యాబ్‌లో ఉండే సామాన్లు చాలు. నమూనా మీద ఒక చుక్క పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. కాల్సైట్ అయితే బుసబుసా పొంగుతుంది. డోలమైట్ అయితే పొడి చేస్తేగాని సరిగా పొంగదు. తర్వాత చిటికెడు పొడిని, చెమ్మ లేకుండా ఆరబెట్టి, పొడి పరీక్షనాళికలో వేసి అడుగున సన్నని సెగ పెట్టండి. నాళిక పైభాగం చల్లగానే ఉండాలి. స్ఫటికంలో నీరుంటే కాసేపటికి ఆ చల్లటి గాజు లోపల మంచు పట్టినట్టు మసకేస్తుంది, ఆ మసక చిన్న చిన్న బొట్లుగా చేరుతుంది. జిప్సం బొట్లనిస్తుంది గాని ఆమ్లానికి పొంగదు. కాల్సైట్ పొంగుతుంది గాని బొట్లనివ్వదు. రెండూ జరిగాయంటే మీ చేతిలో ఉన్నది జల కార్బొనేట్ కావచ్చు. పచ్చటి మాలకైట్ కూడా రెండూ చేస్తుంది. అందులో ఉండేది నీటి అణువు కాదు, హైడ్రాక్సిల్. అందుకే చివరి మాట ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రానిదే. ఒక హెచ్చరిక: ఈ పరీక్షలు కాలేజీ నమూనాల మీద, మాస్టారు దగ్గరుండగా చేసేవి. గుహలో ఆమ్లం చుక్క వేయడం, వేలాడే రాతిని విరవడం ఎంత మాత్రం తగదు.

గుహ దాకా వెళ్లే వీలులేని మైదానప్రాంత విద్యార్థికి చౌడు నేల ఉంది. ఎండాకాలంలో నేల మీద తెల్లగా పొటమరించే ఆ పొరలో చాలాచోట్ల సోడియం కార్బొనేట్లుంటాయి. నీటిని ఇముడ్చుకున్న ట్రోనా, నేట్రాన్ ఈ కుటుంబానివే. చాకళ్లు తరతరాలుగా బట్టలకు వాడిన చౌడు మట్టి పనిచేసింది ఆ క్షారం వల్లే.

రాళ్ల గురించి ఇంత తెలిసి ఏం లాభమని ఇంట్లో అడుగుతారు. ఒక ఉదాహరణ చెప్పండి. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైను జగదల్‌పూర్ చేరుతుంది. దాని దగ్గర కాంగేర్ లోయలో దండక్ గుహ ఉంది. ఆ గుహ నేల నుంచి లేచిన ఒక స్తంభాన్ని (స్టాలగ్మైట్‌ను) యురేనియం–థోరియం పద్ధతిలో కాలనిర్ణయం చేసి, సుమారు క్రీ.శ. 600 నుంచి 1500 వరకు రుతుపవనాలు ఎప్పుడు బలంగా వచ్చాయో, ఎప్పుడు ముఖం చాటేశాయో శాస్త్రవేత్తలు రాబట్టారు. ఆ అధ్యయనం 2007లో వెలువడింది. 14వ శతాబ్దపు దీర్ఘ కరవుల జాడ అందులో దొరికింది. వాతావరణ మార్పుపై పరిశోధన చేయదలచినవాళ్లకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

చదువు సంగతికొద్దాం. ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఉంటే బీఎస్సీ జియాలజీ వైపు వెళ్లొచ్చు, గణితం ఉంటే ముందుముందు సులువు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లలో మొదలైన జియాలజీ విభాగం ఉంది. సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసిన సి. మహదేవన్ దాన్ని తీర్చిదిద్దారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీటుకు ఏపీ పీజీసెట్, ఐఐటీలకు జామ్ ప్రవేశ పరీక్షలోని జియాలజీ పేపర్ రాయాలి. జామ్ సిలబస్‌ను డిగ్రీ మొదటి ఏడాదే ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. డిగ్రీ అయ్యాక ఏడాది కోచింగ్ తీసుకోవడం కన్నా అది మేలు. పీజీ తర్వాత గేట్‌, పరిశోధన వైపు వెళ్తే సీఎస్‌ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్ ఉన్నాయి. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ పీహెచ్‌డీ ఫెలోషిప్, విదేశీ విద్యా స్కాలర్‌షిప్ ఇస్తోంది. పరిశోధనకైతే హైదరాబాద్‌లో 1961 నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది.

ఉద్యోగాల్లో అన్నిటికన్నా పెద్దది యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. పీజీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు. ప్రిలిమ్స్ 400, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. వయసు 21 నుంచి 32, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు. వాళ్లకూ, మహిళలకూ ఫీజు లేదు. ఎంపికైతే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు, లేదా కేంద్ర భూగర్భజల మండలిలో హైడ్రోజియాలజీ శాస్త్రవేత్త. సర్వే శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఇవి కాక రాష్ట్ర గనుల శాఖ, భూగర్భజల శాఖ, ఏపీఎండీసీ, సింగరేణి, ఎన్‌ఎండీసీ నోటిఫికేషన్లు గమనిస్తుండాలి. సర్కారు కొలువు ఒక్కటే గమ్యం అనుకోవద్దు. సిమెంటు కర్మాగారాల ల్యాబుల్లో, కాల్సైట్ పొడి వాడే పెయింట్, ప్లాస్టిక్ పరిశ్రమల్లో రాయి స్వచ్ఛత తేల్చేవాళ్లు కావాలి. హైడ్రోమాగ్నసైట్‌ను మంటలను అడ్డుకునే పూరకంగా వాడతారు. వేడి తగిలితే అది విడిచే నీరే అక్కడ పనికొస్తుంది.

మన్యం విద్యార్థి జియాలజీ చదవాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం వేరే ఉంది. బొర్రా చుట్టుపక్కల 14 గ్రామాల్లో కాల్సైట్, మైకా లీజులపై నడిచిన పోరాటమే సమత కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు మైనింగ్ లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ ఖనిజ సంస్థ గాని, గిరిజన సహకార సంఘాలు గాని తవ్వుకోవచ్చంది. లాభాల్లో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి కేటాయించాలని కూడా చెప్పింది. 2015లో కాల్సైట్ చిన్న ఖనిజాల జాబితాలో చేరింది. చిన్న ఖనిజాల లీజుకు ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ఉండాలని 1996 పెసా చట్టం చెబుతోంది. అంటే నిర్ణయం గూడెం మధ్య రచ్చబండ మీదికొచ్చింది. అక్కడ మైనింగ్ ప్లాన్‌ను విప్పి, ఈ పేలుడు ఆ ఊటను ఎండగడుతుందా, ఈ పొర ఎంత లోతుంది, గోస్తని నది నీటికి ఏమవుతుందని అడగగలిగినవాళ్లు ఎందరున్నారు? ఆ గోస్తని మీదే తాటిపూడి జలాశయం ఉంది, దాని నీళ్లు విశాఖ తాగుతోంది. కోందు, బగత, కొండదొర గిరిజన కుటుంబాల నుంచి ఒక్కో మండలానికి ఇద్దరు ముగ్గురు జియాలజిస్టులు తయారైతే ఆ సభ నడిచే తీరు మారుతుంది. తవ్వడం నేర్చినవాడే ఎక్కడ తవ్వకూడదో కూడా గట్టిగా చెప్పగలడు.

చదివిందాన్ని సరిచూసుకునే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి. బొర్రా గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే అధికారి కనిపెట్టారని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో. గుహలు అంతకు ముందే గూడేల వాళ్లకు తెలుసు.

చివరగా భాష. జియో సైంటిస్ట్ మెయిన్స్ జవాబులు ఇంగ్లిష్‌లోనే రాయాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. డిగ్రీ మొదటి సెమిస్టర్ నుంచే వారానికి రెండు ప్రశ్నలకు పటం గీసి, ఒక్కోదానికి ఒకటిన్నర పేజీ ఇంగ్లిష్‌లో రాసి లెక్చరర్‌కు చూపించండి. మొదటి ప్రశ్నగా బొర్రా స్తంభం ఎలా ఏర్పడిందో రాయండి.