గాలి మిషనులో నీళ్లెక్కడివి?

అనంతపురం జిల్లా వజ్రకరూరులో వానలు తక్కువ. అక్కడి పంక్చరు షాపులో పారవేసిన గాలి మిషనును ఇంటికి తెచ్చి, ట్యాంకు అడుగునున్న మర విప్పారనుకోండి. ఎర్రని తుప్పునీళ్లు కారవచ్చు! అవి ఎక్కడివి?

పొడిగాలిలో కూడ నీటిఆవిరి ఉంటుంది. గాలిలో తేమ 20 శాతమే అనుకుందాం. ఆ గాలిని ఎనిమిదోవంతు చోటులోకి కుదించి చల్లారనిస్తే, లెక్క ప్రకారం తేమ 160 శాతం కావాలి. కాని గాలి 100 శాతానికి మించి తేమను మోయలేదు. మిగిలినది నీరై అడుగుకు చేరుతుంది. రోజూ తీసివేయకపోతే తుప్పు ట్యాంకును లోపలినుంచి తినివేస్తుంది.

మిషనులో పీడనం పెరగకపోతే కవాటపు రేకులు, పిస్టను రింగులు మార్చి బాగుచేయవచ్చు. అసలు ప్రమాదం ట్యాంకుతోనే. కుదించిన గాలి నొక్కిపెట్టిన స్ప్రింగువంటిది. తుప్పుతో పలచబడిన ట్యాంకు బాంబులా పేలగలదు. అందుకే తెలిసినవారు దానిని నీటితో నింపి, వాడే పీడనానికి సుమారు ఒకటిన్నర రెట్లు ఇచ్చి పరీక్షిస్తారు. నీరు దాదాపుగా కుదించుకుపోదు కనుక, ట్యాంకు చిట్లినా నీళ్లు చిమ్మి ఆగిపోతాయి. ఈ పరీక్ష మీరు చేయరాదు సుమా!

చిల్లి కనిపిస్తే అతుకు వేయించకండి. ట్యాంకును పాతఇనుములో వేయించండి.

ఈసారి సైకిలుకు గాలి పట్టించుకునేటప్పుడు షాపులో అడగండి: "అన్నా, ఈరోజు ట్యాంకులో నీళ్లు తీశావా?"