గిటారుకు యంత్రం కొనే ముందు



క్రిస్మస్ దగ్గరపడే కొద్దీ మన గాయక బృందాలలోని యువకుల నోట ఒక కోరిక వినిపిస్తూ ఉంటుంది: “గిటారు శబ్దం బాగుండటం లేదు, ప్రాసెసర్ కొనాలి” అని. కొందరు ఇంట్లో తల్లిదండ్రులను అడుగుతారు, కొందరు విచారణ నిధి నుండి అడుగుతారు. ఆ పెట్టెలో ఏముందో పెద్దలకు తెలియదు. ఎన్ని పెట్టెలు చూసినా ఏది సరిపోతుందో పిల్లలకు తేలదు. ఖర్చేమో చిన్నది కాదు. అందుచేత ఈ వారం దీనినే పాఠంగా తీసుకుందాం.

తత్వశాస్త్రంలో మొదట నేర్పే సూత్రాలలో ఇది ఒకటి: లక్ష్యం ఆచరణలో చివర దొరుకుతుంది గాని, ఆలోచనలో మొదట ఉండాలి. ఇల్లు కట్టదలచినవాడు ముందు అందులో ఎంతమంది కాపురముంటారో చూసుకుంటాడు, తర్వాత ఇటుకలు కొంటాడు. గిటారు విషయంలో మనం చాలాసార్లు ఇటుకలతో మొదలుపెడుతున్నాం. ఈ శబ్దం ఎవరి కోసం, ఎక్కడ వినబడాలి, ఏ పనికి? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే కొనవలసిన వస్తువు తనంతట తానే తేలిపోతుంది.

అసలు ఆ యంత్రం చేసే పనేమిటి?

ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. దీనినే పికప్ అంటారు. ఉక్కు తీగ కదిలినప్పుడు అందులో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. అది యాంప్లిఫయర్‌కు వెళ్ళి పెద్దదవుతుంది. ఫెండర్, వాక్స్, మార్షల్ వంటి పేరున్న పాత యాంప్లిఫయర్లలో, మన తాతల నాటి రేడియోలలో మాదిరి, గాజు వాల్వులు ఉండేవి. వాటిని గట్టిగా పనిచేయిస్తే శబ్దం కాస్త గరుకెక్కి నిండుగా వస్తుంది. ఆ తర్వాత స్పీకరు పెట్టె. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన సన్నని ధ్వనులను చాలావరకు వదిలేస్తుంది. అందుకే గరుకు శబ్దాన్ని ఆ స్పీకరు లేకుండా నేరుగా గుడి మిక్సర్‌కు కలిపితే కందిరీగల రొదలా వినిపిస్తుంది. గాయకులు “గిటారు బాగాలేదు” అనుకుంటారు. నిజానికి గిటారులో లోపం లేదు, మధ్యలో ఉండవలసిన రెండు మెట్లు లేవు.

వాల్వు యాంప్లిఫయర్‌తో చిక్కేమిటంటే, ఆ నిండుదనం రావాలంటే సాధారణంగా పెద్ద శబ్దంతో వాయించాలి. అద్దె ఇంట్లో అది కుదరదు, చిన్న గుడిలో అసలే కుదరదు. ఈ ఇబ్బంది నుండే అనుకరణ యంత్రాలు పుట్టాయి. గిటారు కళాకారుడూ ఇంజినీరూ అయిన టామ్ షోల్జ్ 1982లో రాక్‌మన్ అనే చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను తెచ్చాడు. 1989లో శాన్స్‌యాంప్ వచ్చింది. 1998లో లైన్ సిక్స్ సంస్థ తెచ్చిన పాడ్ అనే పరికరంతో అంకెల లెక్కలతో చేసే అనుకరణ సామాన్య వాద్యకారుల చేతికి అందింది.

ఇప్పటి యంత్రాలు ఈ పనిని రెండు విధాలుగా చేస్తాయి. ఒకటి, యాంప్లిఫయర్‌లోని ఒక్కొక్క భాగం ప్రవర్తనను లెక్కగా రాసుకుని, సెకనుకు 44,100 లేక 48,000 సార్లు గిటారు సంకేతాన్ని ఆ లెక్కలో వేయడం. రెండవది, అసలు యాంప్లిఫయర్‌లోకి పరీక్ష ధ్వనులను పంపి, బయటికి వచ్చినదానితో పోల్చి దాని తీరును నేర్చుకోవడం. జర్మనీకి చెందిన కెంపర్ సంస్థ ప్రొఫైలర్ ఈ రెండవ పద్ధతికి పేరు తెచ్చింది. స్పీకరు పెట్టెనూ దాని ముందున్న మైకునూ అనుకరించడానికి ఐ.ఆర్. అనే చిన్న ఫైలును వాడతారు. ఒక చప్పుడుకు ఆ పెట్టె ఎలా ప్రతిస్పందిస్తుందో అందులో నమోదై ఉంటుంది.

ఇది అబద్ధపు శబ్దమా?

“లేని యాంప్లిఫయర్‌ను ఉన్నట్లు వినిపించడం దేవుని గుడిలో తగునా?” అని అడిగే పెద్దలు ఉన్నారు. మంచి ప్రశ్నే. అబద్ధమనేది మోసం చేయాలనే తలంపులో ఉంటుంది. గుడిలో ఎవరూ వాల్వు పెట్టె ఉందని నమ్మించబోవడం లేదు. తీగను మీటిన వేలు నిజం, తప్పు వాయిస్తే దొర్లే తప్పూ నిజం. అనుకరించబడినది పెట్టె మాత్రమే, వాయించే మనిషి కాదు.

ముందే రికార్డు చేసిన పాటను దివ్యబలిపూజలో వినిపించి జనాన్ని మౌనంగా నిలబెట్టడం వేరు. అక్కడ మనిషే తప్పుకున్నాడు. 1958 సెప్టెంబరులో రోము వెలువరించిన ఉత్తరువు గ్రామఫోను, రేడియో, టేప్ రికార్డరు వంటి తమంతట తాము మోగే యంత్రాలను ఆరాధనలో నిషేధించింది ఇందుకే. ఈ తేడా పిల్లలకు చెప్పండి: పనిముట్టును అనుకరించవచ్చు, ప్రార్థించే మనిషిని అనుకరించరాదు. కొనబోయే పెట్టెలో డ్రమ్ముల తాళం, తయారు వాద్యాల పాటలు ఉంటే ఇంట్లో సాధనకు వాడుకోండి, పూజలో కాదు.

కొనే ముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి, మన గిటారు ఏది? మన విచారణల్లో చాలామంది వాయించేది అకూస్టిక్ గిటారు. దానికి వాల్వు యాంప్లిఫయర్ అనుకరణ అవసరం లేదు. పికప్ ఉన్నదైతే డి.ఐ. బాక్సు అనే చిన్న పెట్టె ద్వారా మిక్సర్‌కు కలిపితే చాలు, లేకపోతే ముందు ఒక మైకు పెడితే చాలు. ఈ ఒక్క ప్రశ్నతోనే కొన్ని కుటుంబాల ఖర్చు తప్పిపోవచ్చు.

రెండు, శబ్దం ఎక్కడి నుండి బయటికి వస్తుంది? గుడి మైకు సెట్టు సౌండ్ బాక్సుల నుండి గాని, హెడ్‌ఫోన్ల నుండి గాని అయితే స్పీకరు అనుకరణ ఉండి తీరాలి. అదే యంత్రాన్ని మామూలు గిటారు యాంప్లిఫయర్‌కు కలిపితే ఆ భాగాన్ని ఆపివేయాలి. లేకపోతే రెండు స్పీకర్ల గుండా వచ్చినట్లు శబ్దం దుప్పటి కప్పినట్లవుతుంది.

మూడు, కంప్యూటరా, కాలి కింది పెట్టెనా? కంప్యూటరులో నడిచే సాఫ్ట్‌వేరు ఇంట్లో సాధనకు, రికార్డింగుకు మంచిది. ఇంట్లో కంప్యూటరు ఉంటే కావలసినది ఆడియో ఇంటర్‌ఫేస్ ఒక్కటే. దానిలో గిటారు కోసమని గుర్తు పెట్టిన రంధ్రం ఉండాలి. గిటారుకు సుమారు 10 లక్షల ఓముల నిరోధం చూపే ప్రవేశం కావాలి. మామూలు లైన్ రంధ్రానికి అందులో చిన్న భాగమే ఉంటుంది కనుక శబ్దం మొద్దుబారుతుంది. ఇక ఆలస్యం సంగతి. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, కంప్యూటరు 128 నమూనాలను పోగుచేసుకుని పనిచేస్తే ఒక వైపు 2.7 మిల్లీసెకన్లు పడుతుంది, 512 అయితే 10.7. లోపలికి వచ్చేటప్పుడు, బయటికి వెళ్ళేటప్పుడు రెండుసార్లూ ఈ ఆలస్యం ఉంటుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం మూడున్నర మీటర్ల దూరంలోని స్పీకరును విన్నట్లు. అంతవరకు సర్దుకోవచ్చు. అది రెట్టింపు, మూడింతలు అయితే వేళ్ళు తాళం తప్పుతాయి. కొనకముందే ఒకసారి వాయించి చూడండి.

పూజలో మాత్రం కాలి కింది పెట్టె మేలు. కంప్యూటరు మధ్యలో ఆగిపోవచ్చు, అప్‌డేట్ అడగవచ్చు, చార్జరు నుండి గుయ్‌మనే మోత రావచ్చు. పెట్టె ఏదైనా సరే, కరెంటు పోయి వచ్చాక అది తిరిగి సిద్ధం కావడానికి ఎంతసేపు పడుతుందో దుకాణంలోనే అడిగి చూడండి. వందల శబ్దాలున్న యంత్రం కన్నా మూడు శబ్దాలను వంగకుండా కాలితో మార్చుకోగల యంత్రం గాయక బృందానికి ఉపయోగం.

నాలుగు, డబ్బు ఎవరిది, వస్తువు ఎవరిది? విచారణ నిధితో కొన్నది విచారణ ఆస్తి. దానిని పుస్తకంలో రాయాలి, గుడిలోనే ఉంచాలి, కనీసం ఇద్దరికి నడపడం నేర్పాలి. ఆ యువకుడు చదువుకో ఉద్యోగానికో వెళ్ళిపోతే యంత్రం అతని మంచం కింద ఉండిపోకూడదు. సొంత డబ్బుతో కొనే కుటుంబాలు వాయిదాల అప్పుకు దిగకండి. మొదటి సంవత్సరం ఉన్నదానితో క్రమంగా సాధన చేసినవాడికి రెండవ సంవత్సరం ఏది కావాలో స్పష్టంగా తెలుస్తుంది.

ఏడవ ఆజ్ఞ ఇక్కడ కూడా ఉంది

తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేరును పెన్‌డ్రైవులో చేతులు మార్చుకోవడం కొందరు యువకులకు మామూలైపోయింది. “గుడి పాటల కోసమే కదా ఫాదర్” అంటారు. దొంగిలించిన పూలతో బలిపీఠాన్ని అలంకరించము కదా! ఆ లెక్కలు రాసిన ఇంజినీరుకూ ఇల్లు, పిల్లలు ఉన్నారు. పైగా దొంగిలించవలసిన అవసరమూ లేదు. న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేరును దాని కర్తలే ఉచితంగా ఇస్తున్నారు. యాపిల్ పరికరాలున్నవారికి గరాజ్‌బ్యాండ్‌లో గిటారు యాంప్లిఫయర్లు ఉచితంగానే ఉన్నాయి. వీటితో మొదలుపెట్టిన వాద్యకారుడికి చాలాకాలం ఏ కొరతా ఉండదు.

తిరుసభ పెట్టిన కొలత

1963లో రెండవ వాటికన్ మహాసభ దివ్యార్చన శాసనంలో పైపు ఆర్గనుకు గౌరవస్థానమిస్తూనే ఇతర వాద్యాలకూ తలుపు తెరిచింది. అయితే అధికారుల సమ్మతి ఉండాలి, ఆ వాద్యం పవిత్ర వినియోగానికి తగినదై ఉండాలి, దేవాలయ గౌరవానికి సరిపోవాలి, విశ్వాసుల ఆత్మాభివృద్ధికి తోడ్పడాలి. 1967లో వచ్చిన సంగీత ఉత్తరువు మరో మాట చేర్చింది: వాద్యం గొంతులను ముంచివేసి పాట మాటలు అర్థం కాకుండా చేయకూడదు. తపస్సుకాలంలో నాల్గవ ఆదివారం, మహోత్సవాలు, పండుగలు తప్ప మిగతా రోజుల్లో వాద్యాలు పాటకు ఆసరాగా మాత్రమే మోగాలి.

కనుక గరుకు శబ్దాన్ని తగ్గించండి, ప్రతిధ్వనిని తగ్గించండి. గుడి గోడలు ఇప్పటికే ప్రతిధ్వని ఇస్తున్నాయి. తర్వాత ఒక పరీక్ష చేయండి. సాధన సమయంలో గాయక బృందంలో ఒకరిని చివరి వరుసలో, వృద్ధులు కూర్చునే చోట కూర్చోబెట్టండి. అక్కడ పాట మాటలు తెలిస్తే యంత్రం సరిగా ఉన్నట్లు, గిటారు మాత్రమే తెలిస్తే అది ఎంత ఖరీదైనదైనా తప్పుగా ఉన్నట్లు.

ఈ వారం కుటుంబ ప్రార్థన ముగిశాక పిల్లలతో ఈ మూడు మాటలు చర్చించండి. మన ఇంట్లో వాద్యం ఎవరి కోసం మోగుతోంది? ఉన్నదానితో చేయగల సాధన పూర్తిగా చేశామా? మన ఫోనులలో, కంప్యూటర్లలో మనది కానిది ఏదైనా ఉందా? మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకున్న తర్వాత దుకాణానికి వెళ్ళండి. అప్పుడు కొన్నదానిలో ఆశీర్వాదం ఉంటుంది, కొనకుండా తిరిగి వచ్చినా ఉంటుంది.